భూగర్భజలమునకు నీరుగంటి

చెరువు క్రింద సేద్యము చేయు గ్రామములలో పూర్వము నీరుగంటి యను గ్రామసేవకుడు ఉండెడివాడు. కొన్ని సీమలలో అతనిని నీరటి యనియు పిలిచెదరు. తూము తెరచుట, మూయుట, కాలువలో పూడిక చేరినప్పుడు రైతులను పిలిచి తీయించుట, ఏ మడికి ఎప్పుడు నీరు అందవలయునో చూచుట అతని పనులు. చెరువు అతనిది కాదు. ఆ యేడు ఎన్ని యెకరములు నాటవలయునో నిర్ణయించు అధికారమును అతనికి లేదు. ఆ నిర్ణయము ఆయకట్టు రైతులది. అయినను నీరుగంటి లేనిచో రైతుల నిర్ణయము రచ్చబండ మీది మాటగానే మిగిలిపోవును. అందుచేతనే కళ్లములో ధాన్యము కొలుచునప్పుడు అతని మేర అతనికి కొలిచి యిచ్చెడివారు.

ఈ సంగతి మార్కాపురము, గిద్దలూరు సీమల వారికి క్రొత్తది కాదు. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ కట్టిన కంభము చెరువు మన కనులయెదుట నున్నది. దానిని 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ప్రపంచ వారసత్వ నీటి కట్టడములలో ఒకటిగా గుర్తించిరి. అయితే అట్టి చెరువుల క్రింది భూమి మన సీమలో కొంచెమే. తక్కిన సేద్యము వానమీదను బోరుబావులమీదను నడచుచున్నది. బోరుబావికి తూము లేదు, తూమునకు కాపు లేదు. మీట నొక్కినవాడే నీరుగంటి. ఒక వాగు పరివాహకములో రెండువందల బోరులున్నచో రెండువందలమంది నీరుగంట్లు ఉన్నట్లే. ఒకరి లెక్క మరియొకరికి తెలియదు.

ఈ లోటును తీర్చుటకు మన జిల్లాలో ఒకప్పుడు గట్టి యత్నము జరిగినది. ఆ యత్నమును, అందు గ్రామములకు తోడ్పడిన కార్యకర్తల పనితీరును, వారు వెళ్లిన తరువాత మనము నేర్చుకొనవలసిన పాఠమును సభ్యులకు తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నేలక్రింది నీటి తీరు

బడిపిల్లల పలకలకు మార్కాపురము పేరుపొందినది. ఆ పలకరాయి స్వభావమును గమనించినచో మన నీటి కష్టమునకు మూలము బోధపడును. పలకరాయి పొరలు పొరలుగా నుండును గాని అందులో గుల్ల మిక్కిలి తక్కువ. నీరు పొరల సందులలోను పగుళ్లలోను మాత్రమే నిలుచును. ఏటి యిసుకలోవలె అంతటను సమముగా నిండదు. అందుచేత ఒకని పొలములో కొద్ది లోతునకే నీరు పడవచ్చును. గట్టు కావల ఎంత లోతు వేసినను దుమ్ము మాత్రమే లేవవచ్చును.

ఇంకొక చిక్కు కలదు. రెండు పొలముల క్రింద నున్న పగులు ఒక్కటే యైనచో, క్రొత్త బోరు పాత బోరు నీటినే లాగుకొనును. అప్పుడు క్రొత్త నీరు పుట్టలేదు. ఉన్న నీరు చేతులు మారినది. అప్పు మాత్రము ఇద్దరి పేరను నిలుచును. బోరు విఫలమైన సభ్యుని బాకీ వాయిదా మీరుటయు, దాని భారము సంఘము మీద పడుటయు మనము చూచుచున్న విషయమే. పైగా ఈ పడమటి మండలములలో పలుచోట్ల త్రాగునీటియందు ఫ్లోరైడు హెచ్చుగా నుండుటచేత, భూగర్భజలము పంట సమస్య మాత్రమే గాక ప్రాణ సమస్యయు అయినది.

ఈ విషయమై చట్టము లేకపోలేదు. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము బావులను నమోదు చేయించుకొనవలయును. క్రొత్త బావికి అనుమతి పొందవలయును. కాని చట్టము ఒక బావి త్రవ్వవచ్చునా కూడదా యని చెప్పగలదు గాని, ఈ యేటి వానకు ఈ వాగు క్రింద ఎన్ని యెకరముల మిరప తడియునో చెప్పజాలదు. ఆ లెక్క గ్రామమువారే వేసికొనవలయును.

పథకము పూర్వాపరములు

నెదర్లాండ్సు ప్రభుత్వ సహాయముతో 1995 మొదలు 2003 వరకు మన రాష్ట్రములో ఏపీవెల్ అను పథకము నడచినది. చిన్న, సన్నకారు రైతులు కొందరు కలిసి ఒక బోరును పంచుకొని సేద్యము చేయుట దాని ముఖ్యాంశము. బోరులు వేయించుట సులువు, వానిలో నీరు నిలుపుట కష్టమని ఆ పథకము నడిపినవారికే అనుభవమునకు వచ్చినది. అందుచేత 2003లో వేరొక పథకము ఆరంభమైనది. దాని పేరు ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్య భూగర్భజల వ్యవస్థల పథకము. ఇంగ్లీషు అక్షరముల కూర్పుచే దానిని ఏపీఫామ్స్ అని పిలిచిరి. ధనము నెదర్లాండ్సుది, పర్యవేక్షణము ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థది, గ్రామములలో పనిచేసినవి స్వచ్ఛంద సంస్థలు. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశము అను ఏడు కరవు జిల్లాలలో, 60కి పైబడిన వాగు పరివాహకములలో, 600కి పైబడిన గ్రామములలో ఇది సాగినది.

ఈ పథకము బోరులు వేయింపలేదు. మోటారులు పంచలేదు. నీరు తక్కువ వాడినవారికి బహుమానము గాని, ఎక్కువ వాడినవారికి జరిమానా గాని పెట్టలేదు. రైతుల చేతికి లెక్కను ఇచ్చినది, అంతే. గ్రామమునకొక భూగర్భజల యాజమాన్య కమిటీ ఏర్పడినది. అందు పురుషులతోబాటు స్త్రీలును సభ్యులు. ఒకే వాగు క్రిందనున్న గ్రామ కమిటీలన్నియు కూడి పరివాహక సంఘముగా ఏర్పడినవి. ఏలయన భూగర్భజలము గ్రామపు పొలిమేర నెరుగదు; వాగు హద్దునే ఎరుగును.

కార్యకర్తలు చేసిన పని

ఇట్టి కమిటీలు కాగితముమీద ఏర్పడుట సులభము. వానిని నడిపించుట కార్యకర్తల పని. వారి పనిని నాలుగు భాగములుగా చెప్పవచ్చును.

మొదటిది, కొలత నేర్పుట. వానమాపకమును ఎక్కడ నిలుపవలయును, ప్రతిదినము ఉదయము ఒకే వేళకు ఎట్లు చదువవలయును, పరిశీలనకై ఎంచుకొన్న బావులలో నీటిమట్టము ఎంత లోతున నున్నదో ఎట్లు కొలువవలయును అను విషయములను రైతు స్త్రీ పురుషులకు చేతితో చేయించి నేర్పిరి. నీరు తగిలిన వెంటనే చప్పుడు చేయు ఒక పరికరమును తాడుతో బావిలోనికి దింపినచో మట్టము తెలిసిపోవును. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. క్రమము తప్పకుండుట కావలయును.

రెండవది, కొలిచిన దానిని అందరికిని కనబడునట్లు చేయుట. పుస్తకములో వ్రాసిన అంకె పుస్తకముతోనే ఉండిపోవును. గ్రామములో నలుగురు కూడు చోట గోడమీద పట్టిక వ్రాయించి, వానయు నీటిమట్టమును అందు నింపిరి. ఈ యేడు మట్టము పోయిన యేటికంటె ఎంత దిగినదో దారిని పోవువాడును చూడగలుగును. దాచిన లెక్క అనుమానమునకును, చూపిన లెక్క నమ్మకమునకును కారణమగును.

మూడవది, రైతు నీటి పాఠశాల. వానకాలము మొదలు వేసవి చివర వరకు ఒక సంవత్సరము పొడవున, పక్షమున కొకసారి రైతులు ఒకచోట చేరి, తాము కొలిచిన అంకెల అర్థమును తామే చర్చించుకొనిరి. కార్యకర్త ఉపన్యాసకుడు కాడు. ప్రశ్న వేసి ఊరకుండుట అతని విద్య. వాన పడిన ఎన్ని దినములకు మన బావి మట్టము లేచినది? పై ఊరి బావి ముందు లేచినదేల? ఇట్టి ప్రశ్నలకు రైతులు తమ బావినుండియే సమాధానము తెచ్చికొనిరి.

నాల్గవది, పంట నీటి లెక్క. వానకాలము ముగిసి రబీ పంటకు విత్తనము చల్లకముందే పరివాహకములోని రైతులందరిని కూడబరచి, నేలలో చేరిన నీరెంత, తాము వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని లెక్కకట్టించుట. ఇదియే పథకమునకు ప్రాణము. కాబట్టి దీనిని కొంత వివరముగా చెప్పెదము.

లెక్క చేయు విధము

ముందుగా ఒక బోరు సంగతి చూతము. 200 లీటర్ల పీపాను బోరు క్రింద పెట్టి, నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో చూడవలయును. 50 సెకండ్లు పట్టినచో సెకండుకు 4 లీటర్లు. గంటకు 14,400 లీటర్లు. దినమునకు ఏడు గంటలు నడచినచో సుమారు ఒక లక్ష లీటర్లు, అనగా 100 ఘనపు మీటర్లు. నూరు దినముల పంటకాలమున ఆ బోరు ఈయగలది 10,000 ఘనపు మీటర్లు.

ఇక పంట సంగతి. ఒక ఎకరముమీద ఒక మిల్లీమీటరు నీరు నిలిపినచో అది సుమారు 4 ఘనపు మీటర్లు. వరికి మొత్తము 1,200 మిల్లీమీటర్లు కావలసియున్నదనుకొన్నచో ఎకరమునకు 4,850 ఘనపు మీటర్ల చిల్లర అగును. వేరుసెనగకు 500 మిల్లీమీటర్లు అనుకొన్నచో 2,020 ఘనపు మీటర్ల చిల్లర. కాబట్టి పై బోరు రెండెకరముల వరిని గాని, దాదాపు ఐదెకరముల వేరుసెనగను గాని తడుపగలదు. నేలను బట్టియు, నీరు పెట్టు విధమును బట్టియు ఈ అంకెలు మారును. లెక్క పద్ధతి మాత్రము మారదు.

తరువాత ఊరి సంగతి. ఉదాహరణకై వేయి హెక్టార్ల విస్తీర్ణము గల ఒక గ్రామమును ఊహింతము. ఆ యేడు 600 మిల్లీమీటర్ల వాన కురిసినది. పడిన నీరు 60 లక్షల ఘనపు మీటర్లు. అందులో ఎక్కువ భాగము ఆవిరియై పోవును, మొక్కలు త్రాగును, వాగులో పారిపోవును. పదియవ వంతు నేలలోనికి ఇంకినదనుకొన్నచో మన పాలు 6 లక్షలు. వానకాలపు పంటకు బోరులు అప్పటికే లక్షన్నర తోడివేసినవి. రెండువేల మంది జనమునకు తలకు దినమునకు 55 లీటర్ల చొప్పున సంవత్సరమునకు 40 వేల ఘనపు మీటర్లు; పశువులతో కలిపి 50 వేలు అనుకొందము. మిగిలినది 4 లక్షలు. ఇదియే రబీకి ఆధారము.

ఆ గ్రామములో అరువది బోరులు కలవనుకొందము. ఒక్కొక్కరు రెండెకరముల వరి నాటదలచినచో 120 ఎకరములకు 5 లక్షల 83 వేల ఘనపు మీటర్లు కావలయును. లోటు లక్షా 83 వేలు. ఈ లోటు కార్తీకములో కనబడదు. పొట్టకు వచ్చిన పైరు ఎండునప్పుడు, త్రాగునీటి బోరు గాలి కక్కునప్పుడు కనబడును. అదే గ్రామము విత్తకముందే కూర్చుండి 65 ఎకరములలో వరికి బదులు వేరుసెనగ వేసినచో లెక్క సరిపోవును. ఎవరి బోరును మూయనక్కరలేదు, ఎవరి పొలమును బీడు పెట్టనక్కరలేదు.

ఈ యంకెలను చూచిన తరువాత ఎవరేమి వేయవలయునో ఆ సమావేశము ఆజ్ఞాపించెడిది కాదు. ప్రతి రైతును ఇంటికి పోయి తన నిర్ణయము తానే చేసికొనెడివాడు. చూపినది లోటు, విడిచిపెట్టినది వివేకమునకు.

ఫలితములు

ఆజ్ఞ లేనిచో ఎవరు విందురని సందేహము కలుగును. 2010లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన భూగర్భజల నివేదికలో ఈ పథకపు పరివాహకములను గూర్చిన పరిశీలన కలదు. వానిలో నూటికి 42 చోట్ల మూడేండ్లు వరుసగా రబీకాలపు నీటి తోడకము తగ్గినది. నూటికి 51 చోట్ల కొన్ని యేండ్లు తగ్గి కొన్ని యేండ్లు తగ్గలేదు. నూటికి 7 చోట్ల మాత్రము పెరిగినది. రైతులు నీరు తక్కువ కోరు పంటలకు మరలుటయు, మల్చింగు, బిందుసేద్యము వంటి పద్ధతులు చేపట్టుటయు దీనికి కారణములు. తమ రాబడికి నష్టము లేని మార్గము కనబడుటచేతనే వారు మారిరి. త్యాగబుద్ధితో మాత్రమే కాదు. ఈ మాట ముఖ్యము. రైతును త్యాగము కోరు ప్రణాళిక ఒక్క యేడు నిలుచును. రైతుకు మేలు చూపు ప్రణాళిక పదియేండ్లు నిలుచును.

కార్యకర్త వెళ్లిన పిదప

ఇంతవరకు మంచి మాటలు చెప్పితిమి. ఇక చేదు మాటయు చెప్పవలయును. పథకము 2000 దశాబ్దము చివర ముగిసినది. ఆ తరువాత గ్రామములను చూచిన పరిశోధకులు, పలుచోట్ల కొలతలు క్రమముగా నిలిచిపోయినవనియు, కమిటీలు కూడుట మానినవనియు వ్రాసిరి. గోడమీది పట్టిక వెలిసిపోయినది. రైతులకు లెక్క మరచిపోవుటచేత ఇట్లు జరుగలేదు. నేర్చినవారు నేటికిని వాన మిల్లీమీటర్లను, బోరు లీటర్లను నోటితో చెప్పగలరు. కాని పక్షమున కొకసారి ఇంటింటికి తిరిగి పిలుచుట, పుస్తకము దాచుట, పరికరము చెడినచో బాగుచేయించుట, పై ఊరికిని క్రింది ఊరికిని మాట కలుపుట అను పనులు ఎవరి పనియు కాకపోయినవి. అందరి పని ఎవరి పనియు కాదు.

ఇందు గ్రహింపవలసిన సంగతి యేమనగా, ప్రణాళికకు యజమానులు రైతులే యైనను, దానిని దినదినము మోయు మనుష్యుడు ఒకడు కావలయును. ఆ మనుష్యునికి మేర కావలయును. చెరువు నీరుగంటికి మేర కొలిచినది బయటి దేశము కాదు, ఆయకట్టు. పథకపు కార్యకర్తకు జీతమిచ్చినది బయటి ధనము. ధనము ఆగినప్పుడు మనుష్యుడు వెళ్లెను. మనుష్యుడు వెళ్లినప్పుడు లెక్క ఆగెను.

మరియొక దోషమునకును జాగ్రత్తపడవలయును. కొన్నిచోట్ల కార్యకర్త మంచివాడగుటయే కీడగును. పుస్తకము తానే వ్రాయును, సమావేశమున తానే మాటలాడును, తీర్మానము తానే చదువును. గ్రామమువారు వ్రేలిముద్ర వేయుదురు. అట్టి గ్రామములో కార్యకర్త ఉన్నను లేనట్లే. తాను లేని దినమున పని ఆగకుండునట్లు చేయుటయే అతని నేర్పునకు పరీక్ష.

సంఘము చేయదగినది

ఈ పనిని సహకార సంఘము చేపట్టుట యుక్తమని మా అభిప్రాయము. ఏలయన ఎండిన బోరు బాకీ చివరకు సంఘపు పద్దులోనే చేరును. నీటి లెక్క సంఘమునకు పరోపకారము కాదు. తన మూలధన రక్షణము. చేయదగిన పనులు ఇవి.

1. ప్రతి పరివాహకమునకు ఆ ఊరివారిలోనే చదువు వచ్చిన ఒక స్త్రీని గాని యువకుని గాని నీటి లెక్కల కార్యకర్తగా నియమించవలయును. ఇది దినమంతయు చేయు ఉద్యోగము కానక్కరలేదు. బోరు గల ప్రతి సభ్యుడు పంట వచ్చినప్పుడు ఇంతయని మేర చెల్లింపవలయును. తక్కినది సంఘము భరింపవలయును.

2. వానమాపకము, నీటిమట్టపు పరికరము సంఘపు ఆస్తిగా పుస్తకమున కెక్కవలయును. కొలతలు వ్రాయువారు ఒకరు, సరిచూచువారు వేరొకరు ఉండవలయును. మన గిడ్డంగి పద్దునకు ఉన్న నియమమే దీనికిని ఉండవలయును.

3. రబీకి ముందు పంట నీటి లెక్క సమావేశమును సంఘపు సర్వసభ్య సమావేశమువలె తేదీ నిర్ణయించి జరుపవలయును. 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయముల వ్యవసాయ సహాయకులను, భూగర్భజల శాఖవారిని దీనికి పిలువవలయును. వారి విద్య మనకు తోడు, నిర్ణయము మనది.

4. క్రొత్త బోరునకు అప్పు కోరు దరఖాస్తు వచ్చినప్పుడు, పాలకవర్గము ఆ పరివాహకపు నీటి పుస్తకమును చదివిన తరువాతనే తీర్మానింపవలయును.

ఈ నాల్గవ నియమముమీద న్యాయమైన ఆక్షేపణ యొకటి కలదు. ముందే బోరు వేసికొన్నవాడు నీరు తోడుచుండగా, ఇప్పుడు వేయదలచిన పేదవానికి మాత్రము అప్పు లేదనుట ధర్మమా? ధర్మము కాదు. కాబట్టి అప్పు నిరాకరించి ఊరకుండరాదు. అనంతపురము జిల్లాలో కొన్ని గ్రామములవారు క్రొత్త బోరులు మాని, ఉన్న బోరులను గొట్టములతో కలిపి, బోరు లేని పొరుగువారికిని ఒక తడి ఇచ్చు ఏర్పాటు చేసికొనిరి. క్రొత్త బోరునకు ఈయదలచిన అప్పునే అట్టి గొట్టములకు ఈయవచ్చును. మెట్ట కందికి, ఆముదమునకు సరియైన వేళ ఒక్క తడి దొరకినచో పంట నిలుచునని మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

వెలిగొండ నీరు వచ్చిన తరువాత ఈ బాధ యెందుకని కొందరు అందురు. నల్లమల క్రింద సొరంగములు త్రవ్వి శ్రీశైలపు వరదనీటిని తెచ్చి సుమారు 4 లక్షల 47 వేల ఎకరములకు పారించుట ఆ పథకపు సంకల్పము. అది మన సీమకు గొప్ప భాగ్యమే. అయినను కాలువకు మీద నున్న మెట్ట పొలములకు అది పారదు. పారు పొలములలోను నీటిని లెక్కించి పంచుకొను అలవాటు లేనిచో కాలువ తలాపున నున్నవానికి మునక, చివర నున్నవానికి ఎండ తప్పవు. బోరు వద్ద లెక్క నేర్చిన గ్రామము కాలువ వద్దను నిలువగలదు.

సభ్యులారా! మన తాతలు చెరువు కట్టి, దానికి నీరుగంటిని నిలిపి, అతనికి మేర కొలిచిరి. నేలక్రింది చెరువును మనము కట్టలేదు, వాన కట్టినది. దానికి నీరుగంటిని నిలుపుట మాత్రము మన పని. రాబోవు సమావేశమున ఈ విషయమును ప్రతి గ్రామ సభ్యులును చర్చించి, తమ పరివాహకములో ఎన్ని బోరులు కలవో, ఎన్ని యెండినవో ముందుగా లెక్కవ్రాసి తేవలెనని కోరుచున్నాము. ఆ జాబితాయే మన నీటి పుస్తకమునకు మొదటి పుట యగును.